హీబ్రూలో 'అదోనాయ్', తెలుగులో 'యెహోవా': ఒకే వేదిక మీద రెండూ పాడవచ్చా?

వేకువపాట (గుంటూరు, ఇప్పుడు న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మాది గుంటూరు. లూథరన్ చర్చిలో సండే స్కూలు రోజుల నుంచి క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఊళ్లో ఒక చర్చి వాళ్లు, ఒక సినగాగ్ వాళ్లు (యూదుల ప్రార్థనా మందిరం, మన బైబిల్లో సమాజమందిరం అంటామే, అదే) కలిసి ఒక క్వయర్ నడుపుతున్నారు. శుక్రవారం సాయంత్రం నుంచి వాళ్లకు సబ్బాతు (విశ్రాంతి దినం), ఆదివారం మాకు ఆరాధన. అందుకని రిహార్సల్ మంగళవారం పెట్టుకున్నారు. నేను చేరి రెండేళ్లయింది.

ఈసారి కచేరీలో పెద్ద అంశం అమెరికా సంగీతకారుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్ బైబిలు కీర్తనలకు స్వరం కట్టిన 'చిచెస్టర్ సామ్స్'. ఆర్గన్, హార్ప్, డ్రమ్స్ మాత్రమే ఉండే చిన్న వెర్షన్ పాడుతున్నాం. దానికి ముందు వియన్నా సంగీతకారుడు షూబర్ట్ స్వరం కట్టిన 92వ కీర్తన. రెండూ హీబ్రూలోనే. 23వ కీర్తన 'అదోనాయ్ రోయీ' అని ఒక పిల్లాడు ఒంటరిగా ఎత్తుకుంటాడు. మొదటి రిహార్సల్లో అది విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన కీర్తన, దాని సొంత భాషలో అదే మొదటిసారి వినడం.

అసలు సంగతికి వస్తాను. టీ విరామంలో ఎవరో 'మీ భాషలో ఇదెలా ఉంటుంది?' అని అడిగారు. మా అమ్మ పాడే వరసలో 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అని పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చునే ఆవిడ మాత్రం కొట్టలేదు. డెబ్భై దాటిన మనిషి, సినగాగ్ తరఫున ఆల్టో పాడతారు, నాకు హీబ్రూ పలకడం నేర్పిందే ఆవిడ. తల వంచుకుని నోట్సు సర్దుకుంటూ ఉండిపోయారు. తరువాత ఇంకొకరు చెప్పారు, యూదులు దేవుని ఆ నామాన్ని నోటితో ఉచ్చరించరని.

ఇప్పుడు కండక్టర్ నన్ను కచేరీలో ఒక కీర్తన చరణం తెలుగులో పాడమంటున్నారు. 'యెహోవా' అని పాడితే పక్కనున్న మనిషి మనసు నొచ్చుకుంటుంది. 'ప్రభువా' అని మార్చి పాడితే మా అమ్మ పాట కాకుండా పోతుందనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

బేస్‌లైన్ (సికింద్రాబాద్)

అక్కా, ముందుగాల చిచెస్టర్ సామ్స్ పాడుతున్నందుకు శుభాకాంక్షలు. మేం మూడేండ్ల కింద పాడినం. మొదటి భాగం నేర్చుకునేసరికి నెల పట్టింది మాకు. టెనర్, బేస్ (మగోళ్ల పై గొంతు, కింది గొంతు) మధ్య ఏడో స్వరం దూరం పెట్టిండు బెర్న్‌స్టీన్, రెండు గొంతులూ అదే దూరంల కలిసి కదులుతుంటయి. చెవి పక్కోని స్వరంలకు గుంజుకపోతది. పట్టుకొని నిలబడాలె.

పేరు సంగతి నాకంటే తెలిసినోళ్లు చెప్తరు. నేను ఒక్కటే చెప్త. మాకు హీబ్రూ నేర్పెటోళ్లు ఎవ్వరూ లేకుండె. రికార్డింగులు విని తెలుగు అక్షరాలల్ల రాసుకొని పాడినం. మీకు పక్కనే కూర్చొని నేర్పే మనిషి ఉన్నది. ఆమెనే అడగరాదు?

కాపరి_కొడుకు (రాజమండ్రి)

సోదరీ, వందనాలు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు పల్లె చర్చిలో కాపరి. మా నాయనమ్మకు చదువు రాదు, కానీ 23వ కీర్తన, 121వ కీర్తన కంఠతా వచ్చు. చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. 'యెహోవా నా కాపరి' అని మేము మొదలుపెడితే మిగతాది తనే పూర్తి చేసేది. ఆ మాట మాకు అరువు తెచ్చుకున్నది కాదు, మా ఇంటి మాట. ఎవరో నొచ్చుకున్నారని దాన్ని మార్చమంటే, తల్లి పేరు మార్చి పిలవమన్నట్టే ఉంటుంది నాకు.

ఇంకో మాట. అంతమంది ముందు మన భాషలో పాడే అవకాశం వచ్చినప్పుడు అది సాక్ష్యం చెప్పే సమయం కూడా కాదా? దేవుడు ఇచ్చిన వేదికను వదులుకోవద్దు అంటాను.

గ్రంథాలయం_మూల

ఆ పేరు వెనక ఉన్న కథ కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చేస్తున్నట్టు కనిపిస్తుంది.

హీబ్రూ లేఖనాల్లో దేవుని నామం నాలుగు హల్లులతో ఉంటుంది. రాస్తారు, చదివేటప్పుడు మాత్రం పలకరు. ఆ చోట 'అదోనాయ్' అంటారు, అంటే ప్రభువు. ఇది నిన్నమొన్నటి ఆచారం కాదు, రెండు వేల ఏళ్ల పైమాటే. మధ్యయుగంలో లేఖకులు హల్లులకు అచ్చు గుర్తులు చేర్చినప్పుడు, ఆ నాలుగు హల్లుల చుట్టూ 'అదోనాయ్' మాటలోని అచ్చుల్ని పెట్టారు. చదివేవాడికి 'ఇక్కడ అదోనాయ్ అనాలి' అని గుర్తు చేయడానికి. యూరప్‌లో క్రైస్తవ పండితులు ఆ హల్లుల్నీ ఆ అచ్చుల్నీ కలిపి ఒకే మాటగా చదివారు. అలా పుట్టిన రూపమే మన తెలుగు బైబిల్లో 'యెహోవా' అయింది.

కాపరి_కొడుకు గారూ, మీ నాయనమ్మగారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. ఆవిడ నోట పండిన మాటను తీసెయ్యమని ఎవరూ అనరు. కానీ 'ప్రభువు' అనడం కూడా మన బైబిల్లో ఉన్న పద్ధతే. 110వ కీర్తన మొదటి వచనంలో హీబ్రూలో ఉన్నది ఆ నామమే, 'యెహోవా నా ప్రభువుతో' అన్న అర్థంలో. అదే వాక్యాన్ని యేసు మత్తయి 22లో ఎత్తి చెప్పినప్పుడు 'ప్రభువు నా ప్రభువుతో' అని ఉంటుంది. గ్రీకులోకి వచ్చేసరికే నామం స్థానంలో 'ప్రభువు' వచ్చేసింది. కొత్త నిబంధన రాసినవాళ్లు ఆ ఆచారాన్నే పాటించారు. కాబట్టి వేకువపాట గారు 'ప్రభువే నా కాపరి' అంటే అది రాజీపడటం కాదు, ఇంకా పాత దారి.

రోమన్ కాథలిక్కుల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2008లో వాటికన్ నుంచి బిషప్పులకు ఒక ఉత్తరం వెళ్లింది. ఆరాధనలో, పాటల్లో, ప్రార్థనల్లో ఆ నాలుగక్షరాల నామాన్ని 'యాహ్వే' అని ఉచ్చరించవద్దని అందులో ఉంది.

లండన్_టెనర్

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. చిచెస్టర్ కెథడ్రల్‌కు (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) రెండుసార్లు వెళ్లాను. ఆ పాట పుట్టుక తెలిస్తే మీ ప్రశ్న ఇంకో వెలుగులో కనబడుతుందని రాస్తున్నాను.

వాల్టర్ హస్సీ అని ఆ కెథడ్రల్‌కు డీన్ (దాన్ని నడిపే పెద్ద గురువు) ఉండేవారు. కళాకారుల చేత చర్చికి కొత్త పనులు చేయించాలన్న పట్టుదల ఆయనది. అంతకుముందు నార్తాంప్టన్‌లో చిన్న పారిష్ చూసుకునే రోజుల్లోనే బెంజమిన్ బ్రిటన్ చేత 1943లో ఒక కాంటాటా (క్వయర్ పాడే గాన రచన) రాయించారు, హెన్రీ మూర్ చేత మరియ, బాలయేసు శిల్పం చెక్కించారు. చిచెస్టర్, వించెస్టర్, సాల్స్‌బరీ కెథడ్రల్ క్వయర్‌లు మూడూ కలిసి ప్రతి వేసవిలో ఉత్సవం జరుపుకుంటాయి. 1965 ఉత్సవానికి ఏదైనా రాయమని బెర్న్‌స్టీన్‌కు ఉత్తరం రాశారు. సంగీతంలో ఆయనే స్వరపరిచిన సంగీత నాటకం 'వెస్ట్ సైడ్ స్టోరీ' ఛాయ కాస్త తగిలినా మాకు సంతోషమేనని కూడా రాశారు.

బెర్న్‌స్టీన్ యూదుడు. ఆంగ్లికన్ చర్చి అడిగింది. ఇంగ్లీషులో రాసి ఇచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన హీబ్రూలో రాశారు. తెల్ల అంగీలు వేసుకున్న చర్చి పిల్లలు సినగాగ్ భాషలో పాడాలి, తప్పించుకునే దారి లేదు. ఇదే నన్ను కదిలించింది. రెండు సంప్రదాయాల్నీ నీళ్లు పోసి పల్చన చేసి కలపలేదు ఆయన. ఒకరి పాటను ఒకరు నోరు తిప్పుకుని నేర్చుకునేలా చేశారు. 1965 జులై 15న న్యూయార్క్‌లో ఆయనే మొదట నడిపించారు. జులై 31న చిచెస్టర్‌లో జాన్ బర్చ్ నడిపిస్తే బెర్న్‌స్టీన్ కూర్చుని విన్నారు.

అదే సంవత్సరం అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ 'నోస్త్రా ఏతాతే' ప్రకటన వెలువరించింది. క్రీస్తు మరణానికి యూదులందరినీ నిందించడం తగదని కాథలిక్ సంఘం అధికారికంగా చెప్పిన పత్రం అది. రెంటికీ నేరుగా సంబంధం లేదు. అయినా మూడు నెలల తేడాలో రావడం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

ఇక కాపరి_కొడుకు గారూ, మీ మాటకు మనస్ఫూర్తిగా ఒక జవాబు. సాక్ష్యం అన్నారు. ఇలాంటి ఉమ్మడి క్వయర్‌కు వచ్చే యూదులు చాలామంది మనసులో ఒక భయం పెట్టుకుని వస్తారు. స్నేహం పేరుతో మతం మార్చడానికి పిలుస్తున్నారేమోనని. వాళ్ల తాతముత్తాతలకు బలవంతపు బాప్తిస్మాలు తెలుసు, గుడ్ ఫ్రైడే రోజున దాడులకు భయపడి ఇంటి తలుపులు గడియ వేసుకుని కూర్చోవడం తెలుసు. ఆ భయం దాటుకుని వచ్చి మన పక్కన నిలబడిన మనిషి దగ్గర, మన పార్టు తప్పు లేకుండా పాడటమే మనం ఇవ్వగల సాక్ష్యం అని నా నమ్మకం.

కాపరి_కొడుకు

లండన్_టెనర్ గారూ, తలుపులు గడియ వేసుకోవడం గురించి నాకు తెలియదు. మా చర్చిల్లో ఎవరూ చెప్పలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేరు విషయంలో మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.

మిశ్రచాపు (విజయవాడ)

నేను క్రైస్తవుణ్ని కాదు, మృదంగం నేర్చుకుంటున్నాను. పాశ్చాత్య క్వయర్ సంగీతం ఇష్టంతో వింటాను. ఈ త్రెడ్ చూశాక చిచెస్టర్ సామ్స్ మళ్లీ పెట్టుకుని విన్నాను, ఈసారి చేత్తో తాళం వేస్తూ.

మొదటి భాగంలో 100వ కీర్తన మొదలయ్యే దగ్గర నుంచి ఏడు లెక్క. పాశ్చాత్యులు 7/4 చూసి కష్టం అంటారు గానీ మన చెవికి ఏడు కొత్త కాదు కదా. తకిట తకధిమి అని చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్నదే. పాట లోపల విరుపు మన మిశ్రచాపులా స్థిరంగా ఉండదు, అటూ ఇటూ మారుతుంది. అయినా ఏడు అన్నది లోపల గట్టిగా నిలిచిందంటే పడిపోరు. మూడో భాగం పదికి నడుస్తుంది, అంటే అయిదు రెండు సార్లు. అక్కడ ఖండం పట్టుకోండి. తకతకిట, తకతకిట. పడవ ఊగినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. చిచెస్టర్ సామ్స్ మొదలయ్యే వాక్యం తెలుగు బైబిల్లో చూశాను: 'స్వరమండలమా, సితారా, మేలుకొనుడి, నేను వేకువనే లేచెదను.' హీబ్రూలో అక్కడ నెవెల్, కిన్నోర్ అనే తంతి వాద్యాలు. అనువాదం చేసినవాళ్లు ఎక్కడో జెరూసలేము వాద్యాల్ని మన చేతికందే వాద్యాలుగా మార్చేశారు. వేకువపాట గారూ, మీ ముద్దుపేరు ఇక్కడి నుంచేనా?

వేకువపాట

అవునండీ, అక్కడి నుంచే. ఖండం కిటుకు చాలా బాగుంది, మంగళవారం చేసి చూస్తాను. మా కండక్టర్ పదిని రకరకాలుగా విడగొట్టి చూపిస్తారు గానీ నాకు తకతకిట అనుకుంటేనే కుదిరేలా ఉంది.

ఇప్పటివరకు రాసినవన్నీ రెండేసి సార్లు చదివాను. ఆవిడనే అడగమని బేస్‌లైన్ తమ్ముడు రాసింది సూటిగా తగిలింది. ఇంకా ధైర్యం చాలలేదు.

బేస్‌లైన్

షూబర్ట్ గురించి ఎవ్వరూ రాస్తలేరు, నేను రాస్త.

వియన్నాల జైటెన్‌స్టెట్టెన్‌గాసె వీధిల సినగాగ్ ఉన్నది. 1826ల తెరిచిన్రు. అండ్ల హజ్జాన్, అంటే ప్రార్థన పాడి నడిపించే ఆయన, సాలమన్ జుల్జర్. గొప్ప గొంతు, ఊరు ఊరంత ఆయన పాట వినడానికి వచ్చేది. సినగాగ్ సంగీతం పాతదనం పోకుండ కొత్త క్వయర్ పద్ధతిల ఉండాలని ఆయన కోరిక. అందుకని ఊర్లె ఉన్న క్రైస్తవ సంగీతకారులను కూడ రాయమని అడిగిండు. జైఫ్రీడ్, డ్రెక్స్‌లర్ రాసిన్రు. షూబర్ట్ రాసిండు. 1828ల, 92వ కీర్తన, ఒక్క సోలో గొంతు, నాలుగు గొంతుల క్వయర్, వాద్యం లేదు. అది సబ్బాతు దినం పాడే కీర్తన. అదే ఏడు నవంబర్‌ల షూబర్ట్ చనిపోయిండు, ముప్పై ఒక్క ఏండ్లకు.

ఒక కాథలిక్ ఇంట్ల పుట్టిన మనిషి, రాని భాషల, వేరేటోళ్ల ప్రార్థనకు, వేరేటాయన గొంతుకు సరిపోయేటట్టు రాసిండు. చర్చి సంగీతం లెక్క ఉంటది గని మధ్య మధ్యల హజ్జాన్ గొంతు లేస్తది. వినండ్రి ఒక్కసారి.

పలుకుడు గురించి అక్కకు ఒక మాట: షూబర్ట్‌ల 'తోవ్ లెహోదోస్' అని ఉంటది. ఇప్పటి ఇజ్రాయెల్ పలుకుబడిల అది 'లెహోదోత్'. బెర్న్‌స్టీన్‌ల కొత్త పలుకుబడి, షూబర్ట్‌ల పాత వియన్నా పలుకుబడి. ఒకే కచేరీల రెండూ పాడాలంటె నాలుక జాగ్రత్త.

ఆ సినగాగ్ ఇంకా ఉన్నది. 1938 నవంబర్‌ల నాజీలు వియన్నా సినగాగులన్నీ తగలబెట్టిన రాత్రి అది మిగిలింది. ఇండ్ల మధ్యల ఇమిడి కట్టింది కాబట్టి, దానికి నిప్పు పెడితే పక్కిండ్లు కాలుతయని.

గ్రంథాలయం_మూల

బేస్‌లైన్ గారి పోస్టుకు కొనసాగింపుగా ఇంకా రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్తాను.

ఇటలీలో మాంటువా నగరం, గొంజాగా ప్రభువుల కొలువు. అక్కడ మాంటెవెర్డితో పాటు పనిచేసిన యూదు సంగీతకారుడు సాలమోనే రోస్సి. యూదులు జెరూసలేము దేవాలయం కూలిపోయిన దుఃఖంలో ఉన్నారు కాబట్టి ప్రార్థనలో ఇంత సంగీతం తగదని అనుకునే పెద్దలు ఉన్న కాలం అది. రోస్సి చర్చిల్లో వినిపించే బహుగాన పద్ధతిలోనే హీబ్రూ కీర్తనలకు, ప్రార్థనలకు స్వరం కట్టారు. 33 రచనలు, 1622-23లో వెనిస్‌లో అచ్చయ్యాయి. లియోన్ మోదెనా అనే రబ్బీ (యూదు మతగురువు) ఆయన పక్షాన నిలబడి, ఇది ధర్మానికి విరుద్ధం కాదని వాదించారు.

అచ్చువేసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. స్వరాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు. స్వరాల్ని తిప్పాలా, మాటల్ని తిప్పాలా? స్వరాల్ని అలాగే ఉంచి, మాటల్ని కూడా వాటి దారిలోనే కుడి నుంచి ఎడమకు ఉంచారు. పాడేవాళ్ల కళ్లు ఒకేసారి రెండు వైపులా నడవాలి. ఆ పుటల నకళ్లు చూశాను. ఈ త్రెడ్ మొత్తంలో మనం మాట్లాడుకునేదంతా ఆ ఒక్క పుటలో కనిపించింది నాకు.

ఆరాధన_ఆర్గన్ (విశాఖపట్నం)

అందరూ మంచి మాటలే రాస్తున్నారు. కష్టమైన మాట ఒకటి నేను రాయాలి.

నేను చర్చి ఆర్గనిస్టుని. బాఖ్ రాసిన 'సెయింట్ జాన్ పాషన్' (యోహాను సువార్త ప్రకారం యేసు శ్రమల గానం) నా ప్రాణం. 1724 గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్‌లో మొదట పాడింది. అందులో గుంపు అరిచే దగ్గర చాలా చోట్ల 'యూదులు' అన్న మాట వస్తుంది, యోహాను సువార్తలో ఉన్నట్టే. ఆ కోరస్‌లు ఎంత పదునుగా ఉంటాయో పాడినవాళ్లకు తెలుసు. యూదు మిత్రుల్ని పక్కన పెట్టుకుని అది పాడగలమా? యూరప్‌లో, అమెరికాలో ఎన్నో క్వయర్‌లు ఈ ప్రశ్నతో సతమతమవుతున్నాయి. కచేరీకి ముందు మాట్లాడేవాళ్లు ఉన్నారు, కరపత్రంలో వివరణ రాసేవాళ్లు ఉన్నారు.

బాఖ్ తనే ఒక జవాబు పెట్టారని నేను అనుకుంటాను. యేసును కొట్టిన వెంటనే కోరల్ (చర్చి కీర్తన) వస్తుంది, 'నిన్ను ఇలా కొట్టినది ఎవరు?' అని. దానికి జవాబు: 'నేను, నేనే, నా పాపాలే.' నేరం పక్కవాడి మీద కాదు, పాడేవాడి మీదే పడుతుంది. అయినా ఆ గుంపు కోరస్‌లు అలాగే ఉంటాయి, చెరిగిపోవు. అది పాడిన ప్రతిసారీ నాకు బరువుగానే ఉంటుంది, ఉండాలి కూడా.

సంగీతకారుడు ఫెలిక్స్ మెండెల్‌సన్‌ను తలుచుకోకుండా ఉండలేను. యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్‌సన్ మనవడు, ఏడేళ్ల వయసులో ప్రొటెస్టంట్ బాప్తిస్మం పొందినవాడు. మరుగున పడ్డ బాఖ్ మత్తయి పాషన్‌ను 1829లో బెర్లిన్‌లో మళ్లీ పాడించింది ఆయనే, అప్పటికి ఇరవై ఏళ్లు. 1846లో బర్మింగ్‌హామ్‌లో 'ఏలీయా' వినిపించారు. 121వ కీర్తన కోరస్ అందులోదే: 'ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు.' కాపరి_కొడుకు గారి నాయనమ్మగారికి కంఠతా వచ్చిన కీర్తనే. నాజీలు 1936లో లైప్‌జిగ్‌లో ఆయన విగ్రహాన్ని పడగొట్టారు. బాప్తిస్మం ఆయన్ను కాపాడలేదు.

లండన్_టెనర్

ఆరాధన_ఆర్గన్ గారూ, బరువు అన్నారు కాబట్టి తెరెజీన్ గురించి చెప్పకుండా ఉండలేను. చెక్ దేశంలో నాజీలు యూదుల్ని నిర్బంధించిన చోటు. అక్కడ రఫాయెల్ షెక్టర్ అనే కండక్టర్ ఖైదీలతో వెర్డి 'రిక్వియమ్' పాడించారు. కాథలిక్ మృతుల ఆరాధన, లాటిన్‌లో. పగలంతా వెట్టిచాకిరీ, రాత్రి నేలమాళిగలో రిహార్సల్. చాలామంది విని కంఠస్థం చేసినవాళ్లే. క్వయర్ సభ్యుల్ని రైళ్లలో ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపేస్తే, మిగిలినవాళ్లతో మళ్లీ మొదటి నుంచి నేర్పారు. పదహారుసార్లు పాడారు. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ బృందం తనిఖీకి వచ్చిన రోజున కూడా. ఆ అక్టోబరులో షెక్టర్‌నూ ఆష్విట్జ్‌కు పంపేశారు.

యూదులు క్రైస్తవుల పూజ ఎందుకు పాడాలని ఆ శిబిరంలోనే పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. అంటే వేకువపాట గారి ప్రశ్న అటు వైపు నుంచి కూడా వచ్చింది, అంతటి చోట కూడా వచ్చింది. షెక్టర్ ఆపలేదు. తీర్పు దినం గురించిన ఆ లాటిన్ మాటలు ఎవరి ముందు పాడుతున్నారో పాడేవాళ్లకు తెలుసు.

చేబ్రోలు_దారి

ఇక్కడ కొందరికి తెలియకపోవచ్చు. మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. పాత తరం బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లు. తరువాత యూదు ఆచారాలు పట్టి సినగాగ్ కట్టుకున్నారు. తెలుగు తల్లిభాష, హీబ్రూ నేర్చుకున్న భాష. వేకువపాట అక్క ప్రశ్న మనకు కొత్తగా ఉంది గానీ, రెండు సంప్రదాయాలూ ఒకే ఇంట్లో, ఒకే తరంలో చూసినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు.

మిశ్రచాపు

నాకొక ఆలోచన వచ్చింది, తప్పయితే చెప్పండి. మూడో భాగం చివర వాద్యాలన్నీ ఆగిపోయి క్వయర్ ఒక్కటే మెల్లగా పాడే వాక్యం ఉంది కదా, 'హినే మా తోవ్' అని. అది 133వ కీర్తన మొదటి వచనం. తెలుగులో తీసి చూశాను: 'సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు, ఎంత మనోహరము!' ఈ వచనంలో నామమే లేదు. హీబ్రూలోనూ లేదు, తెలుగులోనూ లేదు. దీన్ని తెలుగులో పాడితే ఎవరూ ఏదీ మార్చనక్కర్లేదు కదా?

కాపరి_కొడుకు

మిశ్రచాపు గారూ, రెండు రోజులుగా బైబిలు ముందేసుకుని కూర్చున్నా నాకు తట్టలేదు. మీకు తట్టింది. మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, 'ఆ కీర్తన యాత్రకీర్తన, రకరకాల ఊళ్ల నుంచి దేవాలయానికి నడిచి వచ్చేవాళ్లు పాడుకునేది, సరైన చోటే దొరికింది' అన్నారు.

కానీ సోదరీ, ఒక్క మనవి. ఆ పేరు తప్పించుకోవడానికి కాకుండా, ఆ వచనం కోసం ఆ వచనం పాడండి. ఆవిడతో కూడా మాట్లాడండి. మాట్లాడకుండా పాడితే మధ్యలో ఆ మౌనం అలాగే ఉండిపోతుంది.

ఆరాధన_ఆర్గన్

కాపరి_కొడుకు గారి మాటే నాదీ. రెండో భాగం గుర్తుందా? పిల్లాడి 23వ కీర్తన మీదికి మగవాళ్లు 2వ కీర్తనతో విరుచుకుపడతారు, 'అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు' అని. కాసేపటికి సోప్రానోలు పై గొంతులో ఆ కాపరి పాటను మళ్లీ ఎత్తుకుంటారు, కింద అల్లరి జరుగుతున్నా అసలు తెలియనట్టు. అలా పాడమని స్కోరులోనే రాసి ఉంటుంది. అది ఆ సంగీతంలో బాగుంటుంది. మనుషుల మధ్య మాత్రం తెలియనట్టు ఉండిపోవడం కుదరదు.

వేకువపాట

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం అరగంట ముందే వెళ్లాను. ఆవిడ ఎప్పుడూ ముందే వస్తారు. 'ఆ రోజు నేను పాడింది మీకు కష్టం కలిగించింది కదా, క్షమించండి' అన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. 'చిన్నప్పుడు ఆ మాటను ఆ రూపంలో విన్నది మా ఇంటి తలుపు కొట్టి కరపత్రాలు ఇచ్చేవాళ్ల నోటే. మా నాన్న తలుపు వేసేసేవారు. నీ నోట, నువ్వంత ప్రేమగా పాడుతుంటే, మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. అందుకే కాగితాలు సర్దుకున్నాను' అన్నారు. మా అమ్మ పాటలో మాట మార్చవద్దని కూడా అన్నారు. 'మీ ఇంట్లో పాడేది మీ ఇంటిది. అది నా కోసం వేరేలా పాడితే నాకు సిగ్గుగా ఉంటుంది.'

అప్పుడు 133వ కీర్తన సంగతి చెప్పాను. తెలుగులో చదివి వినిపించాను. 'మనోహరము' అన్న మాట మళ్లీ మళ్లీ అనిపించుకున్నారు. హీబ్రూలో అక్కడ 'నాయీమ్' అని ఉంటుంది, వాళ్ల అమ్మ పేరు దాని నుంచి వచ్చిందేనట.

కండక్టర్ ఒప్పుకున్నారు. బెర్న్‌స్టీన్ పూర్తయ్యాక, చివరి ఆమేన్ తరువాత చప్పట్లకు ముందు, నేనొక్కదాన్నే తెలుగులో ఆ వచనం పాడాలి. మా అమ్మకు ఫోన్ చేసి వరస అడిగి పెట్టుకున్నాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ 'ఒక్కదానివే ఎందుకు?' అన్నారు. పెన్సిలు తీసి, నా చేత ఒక్కో మాటా పలికించుకుని, ఆ తెలుగు వచనం మొత్తం హీబ్రూ అక్షరాల్లో తన స్కోరు చివరి పేజీలో రాసుకున్నారు, కుడి నుంచి ఎడమకు. 'ఎంత'లోని 'త'కు తావ్ అక్షరం, 'నివసించుట'లోని 'ట'కు టేత్. ఇప్పటి హీబ్రూలో రెండూ ఒకేలా పలుకుతారట, అయినా నేను తేడాగా పలుకుతున్నానని వేర్వేరుగా రాసుకున్నారు. గ్రంథాలయం_మూల గారూ, మీరు చెప్పిన రోస్సి పుటే నా కళ్ల ముందు కనిపించింది. పైన స్వరాలు ఇటు, కింద మాటలు అటు.

'నివసించుట' దగ్గర ఇంకా తడబడుతున్నారు. 'చు' హీబ్రూలో లేని శబ్దం, ఒక అక్షరం పక్కన చిన్న గీత పెట్టుకున్నారు. వచ్చే మంగళవారం మళ్లీ అరగంట ముందు కలుస్తాం.